తప్పంతా పిక్‌దే

గిటార్ నేర్చుకుంటున్నవాళ్ల మీద లోకం ఎప్పటినుంచో ఒక నింద వేస్తోంది, ప్రాక్టీసు చేయరని. ఇది అన్యాయం. వాళ్లు చేయడానికి సిద్ధంగానే ఉన్నారు, తీగలు మీటే చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుందే, ఆ పిక్ సరైనది దొరకడం లేదంతే. తగిన పిక్ లేకుండా తీగ ముట్టుకోవడం కళాద్రోహమని మన యువత గ్రహించింది. పెద్దలే ఇంకా గ్రహించలేదు.

సమస్య లోతు చూడండి. పిక్ మందాన్ని మిల్లీమీటరులో వందో వంతు దాకా కొలిచి మరీ అమ్ముతారు. డన్‌లప్ కంపెనీ టార్టెక్స్ రకం పిక్‌లు తీసుకుంటే ఎరుపు 0.50, నారింజ 0.60, పసుపు 0.73, ఆకుపచ్చ 0.88, నీలం 1.0, ఊదా 1.14. పసుపుతో జీ కార్డ్, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేది, సరిగా పలకలేదంటే తప్పు వేళ్లదని ఎలా అంటారు? పసుపుకీ ఆకుపచ్చకీ మధ్య ఉన్న ఆ 0.15 మిల్లీమీటర్లలో ఎన్ని సంగీత జీవితాలు కూలిపోయాయో ఎవరైనా లెక్క తీశారా? మూడో తీగ శ్రుతి తప్పి నెలైందని కొందరు గొణుగుతున్నారు. అది వేరే శాఖ చూసుకోవాల్సిన విషయం.

ఇక మాస్టార్ల బోధన. పిక్‌ని బొటనవేలికీ చూపుడువేలి పక్కభాగానికీ మధ్య పట్టుకోవాలట. కొన మాత్రమే బయటికి కనిపించాలట. చేతిలోంచి జారకూడదు, అలాగని మణికట్టు బిగుసుకోకూడదు. కదలిక మోచేతి నుంచి కాదు, మణికట్టు నుంచే రావాలి. ఇన్ని షరతులు బ్యాంకు లోను కాగితాల్లో కూడా ఉండవు. పైగా డీ కార్డ్ వేసినప్పుడు పైనున్న రెండు లావు తీగలు వదిలేసి కింది నాలుగే మీటాలట. ఆరు తీగలకూ డబ్బు కట్టినవాడు నాలుగే ఎందుకు మీటాలి? ఈ ప్రశ్నకు ఇప్పటిదాకా ఎవరూ జవాబివ్వలేదు. అందుకే మనవాళ్లు ఏ కార్డ్‌కైనా ఆరూ మీటుతున్నారు. పక్కింటివాళ్లు దీన్ని నిరసనగా గుర్తించలేకపోతున్నారు.

అన్నిటికన్నా అనుమానించాల్సింది గిటార్ నిర్మాణాన్ని. పెట్టెకు సరిగ్గా నడుమ సుమారు పది సెంటీమీటర్ల రంధ్రం పెట్టి, దాని మీదే వేళ్లలోంచి జారిపోయే ప్లాస్టిక్ ముక్కను ఆడించమన్నారు. దీని వెనుక ఎవరున్నారో దర్యాప్తు జరగాలి. పిక్ లోపల పడ్డాక దాన్ని మెల్లగా కదిలించి రంధ్రం కిందికి తెచ్చుకుని, గిటార్‌ని ఒక్కసారిగా బోర్లించి ఊపాలి. నేర్చుకునేవాళ్లు నెల తిరిగేసరికి నిష్ణాతులయ్యే విద్య ఇదొక్కటే. దీనికి పరీక్ష పెడితే రాష్ట్రమంతా ఫస్ట్ క్లాసులే.

పాత ఏటీఎం కార్డు కత్తిరించుకోమని సలహా ఇచ్చే పొదుపరులూ ఉన్నారు. వారికి ఒక సాంకేతిక అభ్యంతరం. ఆ కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. పసుపు కన్నా 0.03 ఎక్కువ. అంత తేడాతో సాధకుడు రాత్రి నిద్రపోగలడా? పైగా నాన్న కార్డు ఇంకా ఎక్స్‌పైర్ కాలేదన్న సంగతి కత్తిరించాక తెలుస్తుంది.

ఇక కొందరు వాదన కోసం గొప్పవాళ్లను లాక్కొస్తారు. అమెరికన్ గిటారిస్టు వెస్ మాంట్‌గమరీ అసలు పిక్కే లేకుండా బొటనవేలితో జాజ్ వాయించాడంటారు. అంటే ఆయనకూ నచ్చిన పిక్ దొరకలేదన్నమాట. క్వీన్ అనే బ్రిటిష్ రాక్ బృందంలోని గిటారిస్టు బ్రయన్ మే ఆరు పెన్నీల నాణెంతో వాయిస్తాడు. అది బ్రిటన్‌లో 1980లో రద్దయిన నాణెం. మన దగ్గర 2016లో రద్దయినవి కాగితపు నోట్లు కాబట్టి ఆ అవకాశం కూడా పోయింది. పైగా ఆ పెద్దమనిషి 1970ల్లో వదిలేసిన పీహెచ్‌డీని 2007లో పూర్తి చేశాడు. మనవాళ్లు ఆయన్ని ఆదర్శంగా తీసుకున్నది ఈ ఒక్క విషయంలోనే.

పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ పసితనంలోనే ఎలక్ట్రిక్ మాండలిన్ మీద ఇలాంటి చిన్న ముక్కతోనే కర్ణాటక సంగీతం వాయించాడని గుర్తుచేస్తారు. నిజమే. కానీ దాని మందమెంతో మాత్రం చెప్పరు. కీలకమైన సమాచారం ఇలా దాచిపెడితే కొత్తతరం పైకెలా వస్తుంది? రోజూ గంటలకొద్దీ సాధన చేశాడంటారు. అది అడగలేదు కదా.

ఒకప్పుడు సముద్రపు తాబేలు డిప్పతో పిక్‌లు చేసేవారు. ఆ తాబేళ్లు అంతరించిపోతున్నాయని 1970ల్లో అంతర్జాతీయ ఒప్పందంతో ఆ వ్యాపారానికి అడ్డుకట్ట వేశారు. తాబేళ్లు బతకాల్సిందే, కాదనను. మనవాళ్లకు మాత్రం అప్పటినుంచి మరో బలమైన వాదన దొరికింది, "అసలైన పిక్ ఇప్పుడు ఎక్కడా రావట్లేదండీ!"

కాబట్టి కొత్తగా గిటార్ కొన్నవారికి మనవి. ముందుగా పన్నెండు పిక్‌ల ఆకుపచ్చ ప్యాకెట్ ఆర్డర్ పెట్టండి. అది వచ్చేదాకా గిటార్‌ని కవర్లోంచి తీయొద్దు. వచ్చాక పట్టుకుని చూసి, మూడు నక్షత్రాలిచ్చి రివ్యూ రాయండి. ఆ తర్వాత తీగలు మార్చే విషయం మాట్లాడుకుందాం.