తుపాకి తప్పేమీ లేదు
.44 మాగ్నమ్ అనే బలమైన తూటాలు పేల్చే రివాల్వర్‌తో చప్పుడే తప్ప గురి కుదరదని నేను చదివిన ఒక వ్యాసంలో తేల్చేశారు. నేను ఒప్పుకోను. మొదట్లో నా గుళ్లన్నీ లక్ష్యానికి కిందనే పడేవి. ఒకరోజు కాల్పుల సాధన చేసే రేంజ్‌లో ఒక పెద్దాయన నాకు చెప్పకుండా సిలిండర్‌లో రెండు ఖాళీ తూటా తొడుగులు కలిపి పెట్టారు. ట్రిగ్గర్ నొక్కాను. పేలలేదు, కానీ గొట్టం మూతి మాత్రం చటుక్కున కిందికి వంగింది! (సిగ్గేసింది లెండి.) తన్ను (పేలగానే తుపాకి వెనక్కి కొట్టే దెబ్బ) రాకముందే చెయ్యి జడుసుకుంటోందన్నమాట. అప్పటినుంచి అదే రివాల్వర్‌లో .44 స్పెషల్ గుళ్లతో మొదలుపెడతాను; వాటి తొడుగు పొట్టి, తన్నూ తక్కువే. చెయ్యి కుదురుకున్నాకే మాగ్నమ్. చెవుల్లో ప్లగ్గులు, వాటిపైన చెవుల్ని కప్పే మఫ్‌లు, కళ్లద్దాలు ఎలాగూ తప్పవు. ఆరు గుళ్లూ అరచేతి వెడల్పులో పడిన రోజున ఆ మణికట్టు నొప్పి కూడా హాయిగానే ఉంటుంది.