శ్రుతి తప్పిన పెట్టె

మొన్న ఓ ఊళ్లో తిరునాళ్ల నాటకం. రాయబారం సీన్లో శ్రీకృష్ణ పరమాత్మ పద్యం మధ్యలో ఆగి, మైకు వదలకుండానే హార్మోనియం పెట్టె వాయిస్తున్న నా వంక తిరిగి, "మాస్టారూ, పెట్టె శ్రుతి తప్పింది, చూసుకోండి" అన్నాడు. ఊరంతా విన్నది. దేవుడు చెప్పాక అబద్ధం ఎందుకవుతుంది?

హార్మోనియంలో ఉండేవి గాలికి పలికే ఇత్తడి రేకులు, రీడ్లంటారు. శ్రుతి చేసి బిగించాక ఏ చిలుమో దుమ్మో పడితే తప్ప ఏళ్ల తరబడి ఒకటే పలుకుతాయి. ఒక్క పద్యం మధ్యలో, అదీ రాగం ఎత్తుకున్న చోటే, అన్నీ కూడబలుక్కుని జారాయంటే అది పెట్టె కాదు, అవతారం.

జరిగింది చెప్తాను. ఆయన నాలుగున్నర శ్రుతిలో ఎత్తుకున్నాడు, బాగుంది. రెండో పాదానికి ఎవరో వన్స్‌మోర్ అన్నారు, అక్కడ చెడింది. ఇక రాగం తీశాడు చూడండి, ముందు వరసలో ఒకాయన బీడీ వెలిగించి, కాల్చి, ఆర్పి, పక్కవాణ్ని ఇంకోటి అడిగాడు, ఈయన ఇంకా అదే అక్షరం మీద ఉన్నాడు. గొంతు పైకి జరిగి జరిగి నాలుగున్నరకీ ఐదుకీ మధ్య సందులో ఇరుక్కుంది. ఆ సందులో నా పెట్టెకు నొక్కే మెట్టు లేదు. ఏ పెట్టెకూ లేదు. తబలా ఆయన నా వంక చూశాడు, నేను తబలా ఆయన వంక చూశాను, సుత్తి తీసి ఆయన మాత్రం ఏం చేస్తాడు పాపం.

1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని బయటకు గెంటింది, 1971 దాకా తలుపు తీయలేదు. వాళ్ల గోలేమిటి? ఇది మెట్టు మీద నుంచి కదలదు, స్వరాన్ని ఊపే గమకం పలకదు అని. మన కృష్ణుడి గోల, కదిలిపోతోందని! ముందు వీళ్లూ వాళ్లూ కూర్చుని ఏదో ఒకటి తేల్చుకుంటే బాగుండును.

ఆ రాత్రి కృష్ణులు ముగ్గురు. పడకసీనుకొకడు, రాయబారానికొకడు, యుద్ధానికొకడు, ఒక్కొక్కడిది ఒక్కో శ్రుతి. వాళ్లు సీనుకొకరు మారతారు, పది నుంచి నాలుగింటి దాకా పెట్టె ముందు నడుం మాత్రం నాదొక్కటే. ఇదే రాయబారం కృష్ణుడు రెండో పద్యం ఎత్తుగడ మరిచిపోయి గుడ్లు తేలేస్తే, మొదటి స్వరం నాలుగుసార్లు నొక్కి, పెట్టె మీదకు వంగి మొదటి మాట అందించింది ఎవరు? అది మైకులో వినపడలేదు లెండి.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. తెల్లవారుజామున కాంట్రాక్టరు కవరిచ్చాడు, లెక్కపెడితే రెండొందలు తక్కువ. ఇదేమిటండీ అంటే, "శ్రుతి తప్పింది కదా మాస్టారూ, ఊరివాళ్లు అడుగుతున్నారు" అన్నాడు. ఎవడి గొంతు జారితే ఎవడి కూలి కోస్తావయ్యా? కృష్ణుడికి శాలువా, మైకుసెట్టు వాడికి శాలువా, షామియానా వాడికి కూడా శాలువా, రాత్రంతా వాళ్ల గొంతులు మోసినవాడికి కోతా! సిగ్గుండాలి.

నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. "వచ్చే వారం రాయబారం ఉంది మాస్టారూ, ఆయనే కృష్ణుడు. పెట్టె బాగు చేయించారా?"

చేయించానండీ అన్నాను.