ముందు ఫలితం, తర్వాత పరిశోధన

విశాఖపట్నం పిల్లలకి పరిశోధనా ప్రణాళిక రాయడం రాదని కొందరు పెద్దమనుషులు పైకే అనేస్తున్నారు. నగర గౌరవం దృష్ట్యా ఈ ఆరోపణను ఖండించడం నా బాధ్యత. ప్రపంచంలో మిగతా పిల్లలు ముందు ఒక ప్రశ్న వెతుక్కుని, దానికో ప్రణాళిక వేసుకుని, నెలల తరబడి కొలతలు తీసి, ఆఖర్న ఏం తేలుతుందోనని టెన్షన్ పడుతుంటారు. మన ప్లస్ టూ పిల్లలు ఆ దశ ఎప్పుడో దాటేశారు. ఏం తేలాలో ముందే తేల్చుకుంటారు. స్పైరల్ బైండింగ్ కూడా అయిపోయాక, వైవాకి వెళ్లేటప్పుడు ఆటోలో కూర్చుని, ఇంతకీ ప్రశ్న ఏమిటో చూసుకుంటారు. సమయం ఎంత కలిసొస్తుందో ఆలోచించండి.

పాత పద్ధతిలో చాదస్తం చెప్పుకుంటే తరగదు. అమెరికాలో 1950 నుంచి ఐసెఫ్ అని హైస్కూలు పిల్లల సైన్స్ పోటీ నడుస్తోంది. మన దేశం నుంచీ పిల్లలు వెళ్తుంటారు. అక్కడ ప్రయోగం మొదలుపెట్టక ముందే ప్రణాళిక రాసి పెద్దవాళ్ల సంతకాలు తీసుకోవాలి. ఈ పని ఎందుకు చేస్తున్నావు, నీ ప్రశ్నేమిటి, ఏమవుతుందని ఊహిస్తున్నావు, ఎలా చేస్తావు, అందులో ప్రమాదాలేమిటి, వచ్చిన అంకెల్ని ఏం చేసుకుంటావు, అన్నీ చెప్పాలి. కనీసం అయిదు ఆధారాలు చదవాలి. చదివినట్టు ఉండటం కాదు, చదవాలట. పక్కింటాయన చేత ప్రశ్నావళి నింపించాలన్నా ముందు ఒక కమిటీ ఒప్పుకోవాలి. ఇంట్లో బాక్టీరియా పెంచకూడదు. (ఈ ఆఖరి నిబంధన చదివి వినిపిస్తే మా వీధిలో ఒకావిడ ఇడ్లీ పిండి గిన్నె మీద మూత పెట్టేసింది.)

ప్రణాళిక తేదీ ప్రయోగం తేదీకన్నా ముందుండాలన్నది వాళ్లకి మరీ పట్టింపు. ఈ చిక్కుని మనవాళ్లు విప్పిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది. రెండు తేదీలూ ఒకే సాయంత్రం ఒకే పెన్నుతో వేస్తారు. ముందుది ముందు, వెనకది వెనక. నిబంధన ఎక్కడా దెబ్బతినలేదు.

అసలు లెక్క చూస్తే మన పద్ధతిలో వివేకం బోధపడుతుంది. సీబీఎస్ఈ పన్నెండో తరగతి ఫిజిక్స్ ప్రాక్టికల్స్ 30 మార్కుల్లో ఇన్వెస్టిగేటరీ ప్రాజెక్టు వాటా 3. కెమిస్ట్రీలో వైవాతో కలిపి 4. అంటే ఎంపీసీ పిల్లాడికి ఈ రెండింట్లో సత్యాన్వేషణ మొత్తం విలువ 7 మార్కులు. ఆ 7 కోసం ఆరు నెలలు తగలేశాడంటే వాడికి లెక్కలు రావని అర్థం. లెక్కలు రానివాడికి జేఈఈ ఎందుకు?

అందుకే మన నగరంలో పరిశోధన బాధ్యతని జిరాక్స్ షాపులు స్వచ్ఛందంగా భుజాన వేసుకున్నాయి. "ఏ సబ్జెక్టు బాబూ?" అని మాత్రమే అడుగుతారు. ఇంకో ప్రశ్న ఉండదు. కెమిస్ట్రీ అంటే పాలలో కేసిన్, టీ ఆకుల్లో కెఫీన్. ఫిజిక్స్ అంటే ట్రాన్స్‌ఫార్మర్. నిరుడు చదివిన వాడి పేరు తీసి ఈ ఏడు చదివేవాడి పేరు పెడతారు. పరిశోధన అంటే అదివరకు జరిగిన పని మీద కొత్త పని నిలబడాలి అంటారు కదా, అక్షరాలా అలాగే నిలబడుతుంది. పోయినేడాది ఇలాంటి ఒక రికార్డు చూశాను. పాల నమూనాలు సేకరించిన కాలనీలన్నీ ఢిల్లీలోవి. చేసినవాడు మద్దిలపాలెం దాటి ఎరగడు. కృతజ్ఞతల పేజీలో అమ్మానాన్నలకీ, భగవంతుడికీ, ఎవరో గుప్తా మేడమ్‌కీ నమస్కారాలు చెప్పుకున్నాడు. ఆవిడ ఎవరో వాడికీ తెలీదు, సంతకం పెట్టిన సారుకీ తెలీదు. అయినా పెద్దవాళ్లకి దణ్ణం పెడితే పోయేదేముంది?

ఇది సామాన్యుల సంగతి. పైదేశాల్లో సీటు కోసం ప్రొఫైల్ కట్టుకునే సిరిపురం, లాసన్స్ బే పిల్లల స్థాయి వేరు. వాళ్లకి ఫీజు తీసుకునే మెంటార్ ఉంటాడు. టైటిల్ ముందు వస్తుంది, దానిలోకి సరిపడే పరిశోధన తర్వాత చూస్తారు. టైటిల్ వినగానే నాయనమ్మకి ఒక్క ముక్క కూడా అర్థం కాకపోతే పాసైనట్టు.

ఇంత చక్కగా సాగిపోతున్న వ్యవస్థలో ఈ ఏడాది ఒక అపశ్రుతి దొర్లింది. ఎంవీపీ కాలనీలో పదకొండో తరగతి చదివే ఒక అమ్మాయి ఎవరి సాయమూ లేకుండా, ప్రయోగానికి ముందుగా, ఒకటిన్నర పేజీల ప్రణాళిక రాసేసింది. ఆ కాయితం నా కంటపడింది గనక, మిగతా పిల్లలు ఇలాంటి పొరపాట్లు చేయకుండా ఉండటానికి కొంచెం వివరంగా చెబుతాను.

ఆమె ప్రశ్న ఇది: ఆర్కే బీచ్‌లో ఇసుక ఏ నెలలో ఎంత పోతుంది, ఎంత తిరిగొస్తుంది?

ముందు ప్రశ్నలోనే లోపం గమనించండి. అందరికీ అర్థమవుతోంది. ఇంటికి రెండు మైళ్లలో ఉన్న విషయం కూడాను. 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ వాళ్లు మీ చుట్టుపక్కల సమస్యే తీసుకోండని పిల్లలకి చెబుతూ వస్తున్నారు నిజమే. చెప్పినవన్నీ చేస్తారా ఎవరైనా?

ఎందుకు చేయాలన్న చోట ఇలా రాసింది. నైరుతి రుతుపవనాల రోజుల్లో కెరటాలు ఇసుకని తీరం వెంబడి ఉత్తరానికి నడిపిస్తాయి, ఈశాన్య గాలుల కాలంలో దక్షిణానికి. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఆ దారికి హార్బర్ గోడలు అడ్డం ఉన్నాయి గనక ఇసుక దక్షిణం వైపే ఆగిపోతుంది. దాన్ని డ్రెడ్జర్‌తో తోడి, గోడలకి ఉత్తరాన ఉన్న బీచ్ వైపు పోస్తుంటారు. ఔటర్ హార్బర్ ఇంకా లేని రోజుల్లో, 1950లలో, ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఇక్కడివాళ్లతో కలిసి వాల్తేరు తీరంలో ఇసుక పెరగడం, తరగడం పరిశీలించారు. ఇప్పుడెలా ఉందో నేను కొలుస్తాను.

'నేను' అట. ప్రాజెక్టు రికార్డుల్లో ఇంతవరకూ ఎవరూ వాడని మాట. మనవాళ్లు 'కొలవబడినది' అని రాస్తారు. కొలిచిందెవరో దేవుడికే వదిలేస్తారు.

ఇక పద్ధతి. 1961లో ఎమరీ అనే ఆయన ప్రకటించినదాన్ని పట్టుకుంది. ఒకే ఎత్తున్న రెండు కర్రలు, వాటి మీద సెంటీమీటర్ల గుర్తులు, మధ్యలో కొలిచి కట్టిన తాడు. ఒక కర్ర ఒడ్డు వైపు, రెండోది సముద్రం వైపు నిలబెట్టాలి. ఒడ్డు వైపు కర్ర దగ్గర నిలబడి, అవతలి కర్ర కొసనీ, దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే గీతనీ ఒకే వరసలోకి తెచ్చుకుని చూడాలి. ఆ చూపు ఇవతలి కర్రని పైకొస నుంచి ఎన్ని సెంటీమీటర్ల కింద దాటితే నేల అంత పల్లంగా ఉన్నట్టు. అలా కర్రలు జరుపుకుంటూ నీళ్ల దాకా పోతే తీరం వాలు మొత్తం కాయితం మీదకి వస్తుంది. ఈ పద్ధతిలో అన్నిటికన్నా ఖరీదైన పరికరం దిగంతం. విశాఖలో అది ఉచితం. హైదరాబాదు పిల్లలకి ఎంత ఫీజు కట్టినా దొరకదు. అయినా ఉచితంగా దొరికే పరికరాన్ని నమ్ముకున్న పరిశోధనకి విలువేముంటుంది?

కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం గోడ దగ్గర ఒక గుర్తు పెట్టుకుని ప్రతిసారీ అక్కడి నుంచే మొదలుపెడుతుందట. అమావాస్యకీ పౌర్ణమికీ ఆటుపోట్లు ఎక్కువ గనక పట్టిక చూసుకుని ఆటు వేళకే వెళ్తుందట. డ్రెడ్జర్ ఇసుక పోసిన రోజులు విడిగా రాసుకుంటుందట, లేకపోతే సముద్రం తెచ్చిందేదో పోర్టు తెచ్చిందేదో తెలీదట. పోల్చి చూసుకోడానికి, ఇసుక పోయని సాగర్ నగర్ దగ్గర కూడా కొలుస్తుందట. తుఫాను వస్తే, సముద్రం కాస్త నెమ్మదించాక అదనంగా మరో కొలత. ప్రమాదాల కింద కెరటాల సంగతి రాసి, మోకాలి లోతు దాటనని మాటిచ్చింది. ఖర్చు నాలుగు వందల రూపాయలు, బస్సు చార్జీలు కాక.

ఆధారాల జాబితాలో నాలుగు పరిశోధనా పత్రాలు. అయిదోది పెదజాలారిపేటలో వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన. ఆయన ఈ పిల్లని చూసి, "ఇసక కొలుత్తావేటమ్మా? ఆసాడంలో ఓపాలి రా, ఇక్కడ నిల్సోడానికి సోటుండదు" అన్నాడట. దాన్నే ఊహగా తీసుకుని, అలా జరక్కపోతే ఊహ తప్పయినట్టు అని కింద రాసింది. ఊహ తప్పు కావచ్చని ప్రణాళికలోనే ఒప్పుకున్న మొదటి విద్యార్థిని ఈమే అయి ఉంటుంది. మనవాళ్ల ఊహలు ఒక్కటీ ఇంతవరకూ తప్పలేదు. తప్పే అవకాశం వాటికి ఎవరూ ఇవ్వలేదు.

'రాబోయే ఫలితం' అన్న చోట ఒకే వాక్యం: తెలీదు, తెలుసుకోడానికే ఈ పని.

ఆ ఆదివారం సాయంత్రమే డైనింగ్ టేబుల్ దగ్గర సమీక్షా కమిటీ కూర్చుంది. అధ్యక్షత నాన్నగారిది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ చేసే మావయ్య వీడియో కాల్‌లో, కోచింగ్ సారు స్పీకర్ ఫోన్‌లో హాజరయ్యారు. అమ్మకి ఓటు లేదు.

"ఏంటమ్మా ఇది, ఇసుకా?" అన్నారు నాన్నగారు.

"అవును నాన్నా."

"ఇసుక కొలవడానికా ఇంత ఫీజు కట్టి చదివిస్తున్నది?"

మావయ్య కాస్త శాంతంగా అందుకున్నాడు. "చూడమ్మా, అంతా బానే ఉంది. ఇందులో ఏఐ ఎక్కడుంది?"

"లేదు మావయ్యా. తాడుంది."

సారు అనుభవజ్ఞుడు, నేరుగా విషయానికొచ్చారు. "రిజల్ట్ ఏం చూపిస్తావు?"

"కొలిస్తే తెలుస్తుంది సర్."

"ఏ తేడా రాకపోతే?"

"రాలేదని రాస్తాను సర్."

కమిటీ దిగ్భ్రాంతి చెందింది. పదహారేళ్లకే ఇలాంటి మాటలు మొదలైతే రేపు ఉద్యోగంలో ఎలా నెగ్గుకొస్తుంది? అప్పటికీ నాన్నగారు ఆఖరి అస్త్రం వేశారు. "పద్ధతికి ఇద్దరు కావాలని నువ్వే రాశావు. రెండో కర్ర ఎవరు పట్టుకుంటారు?" వంటింట్లోంచి సమాధానం వచ్చింది. "నేను పడతాను. పొద్దున్నే అయితే ఎండ ఉండదు." ఓటు లేనివాళ్లు మాట్లాడటం సభా మర్యాద కాదని ఆ వ్యాఖ్యని మినిట్స్ నుంచి తొలగించారు.

ఖర్చు పద్దు మీద చర్చ జరిగినప్పుడు మాత్రం నాకూ కమిటీ బాధ అర్థమైంది. పక్క అపార్ట్‌మెంట్ కుర్రాడి ప్రాజెక్టుకి వాళ్ల నాన్న లక్ష దాటించాడు. ఆ సంగతి ఆయనే లిఫ్టులో చెప్పాడు. అదే లిఫ్టులో "మా అమ్మాయిది నాలుగు వందలు" అని ఏ మొహం పెట్టుకుని చెబుతారు?

మూడు గంటల తర్వాత ప్రణాళిక సవరణలతో ఆమోదం పొందింది. టైటిల్‌ని 'సుస్థిర తీర పరిరక్షణకు కృత్రిమ మేధ ఆధారిత బహుముఖ సమగ్ర నమూనా' అని మార్చారు. నాయనమ్మకి వినిపించారు, అర్థం కాలేదు, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రాబోయే ఫలితం 98 శాతం ఖచ్చితత్వం. దేంట్లో అన్నది తర్వాత నిర్ణయిస్తారు. ఆధారాలు అయిదు నుంచి ముప్పై రెండుకి పెరిగాయి. చాట్‌బాట్ అర నిమిషంలో ఇచ్చింది. వాటిలో కొన్నిటిని ఇంకా ఎవరూ రాయలేదు. పెదజాలారిపేట ముసలాయన పేరు కొట్టేశారు. పరిశోధనా పత్రాలకి ఉండే గుర్తింపు సంఖ్య, డీఓఐ నంబరు, ఆయనకి లేదు. దిగంతం బదులు ఉపగ్రహ చిత్రాలు పెట్టారు. వాటిని మావయ్య ఆఫీసులో ఒక కుర్రాడు చూసుకుంటాడు, అమ్మాయి చూడక్కర్లేదు.

ఇసుక కొలవాలన్న ఆమె ఉత్సాహాన్ని కమిటీ పూర్తిగా తోసిపుచ్చలేదు. వేసవి సెలవుల్లో తీరిగ్గా కొలుచుకోవచ్చని ఆఖరి తీర్మానంలో సానుభూతితో రాసింది. వేసవి సెలవులంతా పొద్దున్న ఆరు నుంచి క్రాష్ కోర్సు ఉందని కమిటీకి తెలుసు. దానికి ఫీజు కట్టిన రసీదు కమిటీ అధ్యక్షుడి జేబులోనే ఉంది.