ముద్రాధికారి మాట: ఒక వాదోపవాదం

కిడో కోయిచి 1940 జూన్ నుంచి 1945 నవంబరు వరకు జపాన్ చక్రవర్తి హిరోహితో కొలువులో రాజముద్రాధికారి, అంటే రాజముద్రను భద్రపరుస్తూ చక్రవర్తికి ఆంతరంగికంగా సలహాలు చెప్పే అధికారి. యుద్ధకాలంలో ఆయన నెరపిన పలుకుబడి మీద ఈ వాదన.

వాది: ఆయన మంత్రి కాదు, సేనాని కాదు, ప్రజలు ఎన్నుకున్నవాడు అసలే కాదు. అయినా ప్రధాని పదవికి ఎవరి పేరు చెప్పాలన్నా చక్రం తిప్పింది ఆయనే. అప్పటి జపాన్ రాజ్యాంగం, అదే మెయిజీ రాజ్యాంగం, 55వ అధికరణం ప్రకారం చక్రవర్తికి సలహా చెప్పి, దానికి బాధ్యత వహించాల్సింది మంత్రులు కదా?

ప్రతివాది: 11వ అధికరణం కూడా చదవండి. సైన్యం నేరుగా చక్రవర్తి కింద ఉంటుంది. 1940 జూలైలో యుద్ధమంత్రి రాజీనామా చేస్తే ప్రధాని యొనాయ్ మంత్రివర్గమే కూలింది. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టున్న ప్రభుత్వంలో అందరితో మాట్లాడే మనిషి ఒకడు ఉండాలా వద్దా?

వాది: ఉన్నాడుగా, చేసిందేమిటి? 1941 అక్టోబరు 16న ప్రధాని కొనోయె దిగిపోయాడు. రాజవంశీయుడైన హిగాషికునిని ప్రధానిని చేద్దామని కొనోయె అన్నాడు, యుద్ధమంత్రి తోజో కూడా అన్నాడు. కిడో ఒప్పుకోలేదు. ఎందుకు? యుద్ధం వచ్చి బెడిసికొడితే నింద రాజకుటుంబం మీద పడుతుందని! దేశం ఏమవుతుందన్నది ఆయనకు తర్వాతి సంగతి. మర్నాడు మాజీ ప్రధానుల సమావేశంలో తోజో పేరు పెట్టి నెగ్గించుకున్నాడు. ఏడు వారాలకు అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద దాడి.

ప్రతివాది: మధ్యలో ఒక సంగతి దాటేశారు. అమెరికాతో చర్చలు ఫలించకపోతే యుద్ధానికి సిద్ధపడాలని సెప్టెంబరు 6న చక్రవర్తి సమక్షంలోనే తీర్మానించారు. దానికి కట్టుబడక్కర్లేదు, మొదటి నుంచి ఆలోచించమని తోజోకు చెప్పింది కిడోయే. అంతటి మాట ఏ మంత్రి చెప్పగలిగేవాడు?

వాది: ఆలోచించారు, మళ్లీ యుద్ధం దగ్గరికే వచ్చారు. ఇక 1945 ఫిబ్రవరి చూడండి. ఓటమి తప్పదు, యుద్ధం ముగించాలని కొనోయె చక్రవర్తికి విన్నవించినప్పుడు కిడో ఆ గదిలోనే ఉన్నాడు. యుద్ధం ముగించే పథకం ఆయన కాగితం మీద పెట్టింది జూన్ 8న. ఈలోగా మార్చిలో ఒక్క రాత్రి బాంబులకు టోక్యో తగలబడింది, ఒకినావా నెత్తురు మడుగైంది. నాలుగు నెలలు!

ప్రతివాది: ప్రాణభయం మాట మీరు ఎత్తరు. 1936 ఫిబ్రవరి 26న తిరుగుబాటు అధికారులు అప్పటి ముద్రాధికారి సైతోను ఇంట్లోనే కాల్చి చంపారు. 1945 ఆగస్టు 14 రాత్రి రాజభవనంలోకి చొరబడ్డ సైనికులు చక్రవర్తి గొంతుతో లొంగుబాటు ప్రకటన ఉన్న గ్రామఫోన్ రికార్డుల కోసం, కిడో కోసం గదిగదీ వెతికారు. ఆయన భూగర్భ గదిలో దాక్కున్నాడు. లొంగిపోవడం గురించి ప్రధాని సుజుకి మంత్రివర్గం తేల్చుకోలేని ప్రశ్న చక్రవర్తి ముందుకు వచ్చిందంటే, ఆ దారి చదును చేసినవాళ్లలో ఆయన ఒకడు.

వాది: ప్రాణాపాయం నిజమే, కాదనను. కానీ చెవిలో చెప్పిన సలహాకు లెక్క అడిగింది ఎవరు? టోక్యో యుద్ధనేరాల విచారణలోని విదేశీ న్యాయమూర్తులు. 1948లో కిడోకు యావజ్జీవ శిక్ష వేశారు. సలహా విన్న చక్రవర్తిని సాక్షిగా కూడా పిలవలేదు.

ప్రతివాది: ఆ విచారణకు తన డైరీని తానే అప్పగించాడు కదా!

వాది: అప్పగించాడు, చక్రవర్తి తప్పేమీ లేదని అది రుజువు చేస్తుందన్న ఆశతో. పదవి పోయాక కూడా ఆ కొలువు మానలేదు.