పాయింట్లు మనవి, తీరిక అమ్మానాన్నలది

బెంగళూరులో మనవాళ్లు నలుగురు కలిస్తే ఒకప్పుడు సైట్ల రేట్ల గురించి మాట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు క్రెడిట్ కార్డు పాయింట్లు. మారతహళ్లిలో కాఫీకి నిలబడినా, బెళ్లందూరు ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చున్నా అదే గోల. ఎవరి కార్డుకు ఎన్ని మైళ్లు (అంటే విమాన టికెట్లకు వాడుకునే ఎయిర్‌లైన్ పాయింట్లు), ఎవరు ఏ ఎయిర్‌పోర్టు లాంజ్‌లో ఇడ్లీ తిన్నారు. ఇన్ని లెక్కలు వేసేవాళ్లను, ఆ పాయింట్లతో విమానమెక్కింది ఎప్పుడని అడిగి చూడండి. నవ్వేసి మాట మార్చేస్తారు.

ఎక్కలేరు, ఎందుకంటే మనకు సెలవులు దొరికేది దసరాకు, సంక్రాంతికి, ఏప్రిల్, మే నెలల్లో పిల్లల బడి మూసినప్పుడు. పాయింట్ల సీట్లు మాయమయ్యేదీ సరిగ్గా అప్పుడే. డబ్బులిచ్చి కొనేవాళ్లు ఎగబడుతుంటే ఆ సీటును ఏ ఎయిర్‌లైన్ పాయింట్లకు ఇస్తుంది? ఖాళీగా పోతుందనుకున్నదాన్నే ఇస్తుంది. కాబట్టి ఎప్పుడైనా సరే అనగలిగినవాళ్లకే ఈ ఆట కలిసొస్తుంది. మేనేజర్ దగ్గర లీవు బతిమాలుకునేవాడికి కాదు. మన ఇళ్లలో అలా అనగలిగేది ఎవరు? రిటైరైన అమ్మానాన్నలు. పాయింట్లేమో మన దగ్గర, తీరికేమో వాళ్ల దగ్గర. ఈ రెండింటినీ కలపడం మానేసి, ఎప్పటికో బిజినెస్ క్లాస్‌లో మాల్దీవులు అంటూ కూర్చుంటున్నారు జనం.

తీరిక అన్నానని తెలిస్తే మా అమ్మ ఊరుకోదనుకోండి. సింగపూర్‌లో ఉన్న అక్క దగ్గరికి ఇద్దరినీ పంపుదామని వెతుకుతుంటే, మంగళవారం అర్ధరాత్రి దాటాక బయలుదేరే విమానంలో రెండు సీట్లు కనిపించాయి. వారం మధ్యలో అయితేనే ఇవి కాస్త దొరుకుతాయి. "మంగళవారం ప్రయాణమేంట్రా?" అంది. పన్నెండు దాటితే బుధవారమే కదమ్మా అన్నాను. "పొద్దు పొడిచేదాకా మంగళవారమే. తెలీకపోతే పంచాంగం చూడు" అంది. నాన్న మధ్యలో దూరి, కోతలు అయ్యాక ఎప్పుడైనా సరేనన్నాడు. ఆ పై వారం బుధవారం పగటి విమానానికి దొరికాయి. అమ్మ షరతులన్నీ పెట్టినా, మా బాబు పరీక్షల టైమ్‌టేబుల్‌తో పోలిస్తే ఎంతో నయం.

ఇక కంపానియన్ వోచర్. ఒక టికెట్‌కు రెండోది ఉచితం అనగానే ఆషాఢం సేల్‌లో చీరల మీద పడ్డట్టు పడతారు. బ్రిటన్‌లో ఉండే మనవాళ్ల దగ్గర బ్రిటిష్ ఎయిర్‌వేస్ అమెక్స్ (అమెరికన్ ఎక్స్‌ప్రెస్) కార్డు ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి దాని సంగతే చెప్తాను. ఏడాదిలో పెట్టాల్సిన ఖర్చు పెడితే వోచర్ వస్తుంది. దాంతో ఏవియోస్ మీద, అంటే బ్రిటిష్ ఎయిర్‌వేస్ పాయింట్ల మీద టికెట్ తీసుకుంటే రెండో మనిషికి ఏవియోస్ అడగరు. అంతవరకే. పన్నులు, ఎయిర్‌లైన్ వేసే క్యారియర్ చార్జీలు ఇద్దరికీ కట్టాలి. పైగా ప్రయాణించే ఇద్దరిలో ఒకరు ఆ కార్డు అసలు యజమానే అయి ఉండాలి. అందుకే మా పిన్ని కొడుకు, ఆ వోచర్‌తో వాళ్ల అమ్మానాన్నలను లండన్ రప్పిస్తానంటే వద్దన్నాను. అది మొగుడూ పెళ్లాలు కలిసి తిరగడానికి పనికొచ్చే సరుకు. పెద్దవాళ్లకు మామూలు ఏవియోస్‌తో తీసుకోవాలి.

ఏవియోస్ సీట్లు ప్రయాణానికి 355 రోజుల ముందు తెరుస్తారు. దూర ప్రయాణాల విమానాల్లో ఒక్కోదాంట్లో కనీసం 4 బిజినెస్, 8 ఎకానమీ సీట్లు ఏవియోస్‌కు ఇస్తామని కంపెనీ మాటిచ్చింది. వినడానికి బాగుంది. కానీ ఏడాది ముందు మనం పెళ్లి ముహూర్తమే పెట్టుకోం, ప్రయాణం తేదీ ఏం చెప్తాం? ఊరికే ఒక తేదీకి తీసి పెట్టుకోవడమే. పాయింట్ల టికెట్లలో ఉన్న అసలు సుఖం అదే. రద్దు చేసుకున్నా, చాలా ఎయిర్‌లైన్ల పాయింట్ల ప్రోగ్రాముల్లో కొద్దిపాటి ఫీజు పట్టుకుని పాయింట్లు వెనక్కి వేసేస్తారు. చవక టికెట్ డబ్బులు పెట్టి కొని రద్దు చేసుకుంటే ఎంత చేతికొస్తుందో మీకు తెలిసిందే.

లెక్క కూడా ఒకటే. నగదు టికెట్ 42,000 అనుకుందాం. పాయింట్లతో అయితే 30,000 పాయింట్లు, పన్నులు 12,000. పన్నులు తీసేస్తే మీ 30,000 పాయింట్లు 30,000 రూపాయల పని చేశాయి, అంటే పాయింటుకు రూపాయి. అవే పాయింట్లను బిల్లులో సర్దుబాటు చేయమంటే చాలా కార్డులు పావలా దగ్గర ఆగిపోతాయి. కాకపోతే ఆ 42,000 పెట్టి మీరు నిజంగా కొనేవాళ్లా అన్నది నిజాయతీగా చెప్పుకోవాలి. మూడు లక్షల బిజినెస్ టికెట్ ఉచితంగా కొట్టేశానంటాడు ఒకాయన. జన్మలో ఆయన దానికి మూడు లక్షలు పెట్టడు. మరి మిగిలింది ఎంతట?

ఇంకొందరు దాచుకుంటారు. బంగారం కాదు కదండీ దాచడానికి! మన యూబీ సిటీ కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ 2012 అక్టోబర్‌లో ఆగిపోయింది, దాని కింగ్ క్లబ్ మైళ్లు ఎందుకూ కొరగాకుండా పోయాయి. 2023 సెప్టెంబర్ 1 నుంచి యాక్సిస్ బ్యాంకు మాగ్నస్ కార్డులో 5 పాయింట్లకు 4 మైళ్లు వచ్చేది 2కు పడిపోయింది. విస్తారా 2024 నవంబర్‌లో ఎయిర్ ఇండియాలో కలిసినప్పుడు పాయింటుకు పాయింటు ఇచ్చారు, అది అదృష్టం. బ్యాంకు పాయింట్లను బ్యాంకులోనే ఉంచి, సీటు కనిపించాకే ఎయిర్‌లైన్‌కు మార్చుకోండి. ఒకసారి మారిస్తే వెనక్కి రావు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ క్రిస్‌ఫ్లయర్ మైళ్లు అయితే 36 నెలలకు కాలం చెల్లిపోతాయి.

కార్డు బాకీ ప్రతి నెలా పూర్తిగా కట్టలేనివాళ్లు ఇక్కడిదాకా చదివిందంతా మర్చిపోవచ్చు. నెలకు మూడున్నర శాతం వడ్డీ కడుతూ మైళ్లు ఏరుకోవడం ఏం తెలివో నాకర్థం కాదు.

అమ్మానాన్నలకు తీయాలనుకునేవాళ్లు ముందు వాళ్ల పేర్లు ఎక్కించండి. క్రిస్‌ఫ్లయర్‌లో 5 మందిని నామినీలుగా, అంటే మన మైళ్లతో టికెట్ తీయగలిగేవాళ్లుగా పెట్టుకోవచ్చు, మిగతా ప్రోగ్రాముల నియమాలు వేరు. అక్కడే మనవాళ్ల పేర్లతో తంటా. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో మొత్తం, అమ్మకైతే ఒకచోట పుట్టింటి పేరు, ఇంకోచోట అత్తింటిది. పాస్‌పోర్టు ఎదురుగా పెట్టుకుని అక్షరం అక్షరం చూసి కొట్టండి. సీటు కనిపించిన రాత్రి కాదు, ఈ ఆదివారమే.