వాడిన మిరప నారుకు మళ్లీ తడి పెట్టకండి

ఈశాన్య రుతుపవనాల వానలు పడగానే నెల్లూరు, ప్రకాశం రైతుల ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది. నాకు పంపినవాళ్లలో చదువుకున్న మిత్రులే ఎక్కువ. “మునిగిన నారుకు భయం లేదు. వరి తట్టుకున్నట్టే మిరప, టమాటా తట్టుకుంటాయి. వాడితే మళ్లీ తడి పెట్టి యూరియా చల్లండి. పసుపు నీళ్లు పిచికారీ చేయండి. నీరు తీసిన మర్నాడు పచ్చగా ఉంటే గండం గడిచినట్టే. వంగకైతే ఢోకాయే లేదు.”

పసుపు నీళ్ల మాట వదిలేద్దాం. ఊపిరాడనిది వేరుకు, ఆకుకు కాదు.

వరిలో ఆకు నుంచి వేరు కొసదాకా గాలి నడిచే కణజాలం ఉంది. మిరపకు ఆ ఏర్పాటు లేదు. పెన్నా కింద వరిమడిని చూసి మిరప నారుమడికి సలహా ఎలా చెబుతారు?

నా కోపమంతా ఆ తడి, యూరియా వాక్యం మీదే. ఆక్సిజన్ గాలిలో కంటే నీటిలో దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. మడిలో మిగిలిన కాస్తా గంటల్లోనే అయిపోతుంది. అప్పుడు వేరు కిణ్వనానికి, అంటే ఆక్సిజన్ లేకుండా శక్తి తీసే పద్ధతికి మళ్లుతుంది. ఒక్కో గ్లూకోజ్ అణువు నుంచి కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువులు సుమారు 30 రావలసిన చోట రెండే వస్తాయి. కణద్రవం ఆమ్లంగా మారుతుంది, దాంతో వేరులోకి నీటిని తీసుకునే ఆక్వాపోరిన్ ద్వారాలు మూసుకుంటాయి. నీళ్లలో నిలబడిన మొక్క వాడేది అందుకే. టమాటాలో ఇంకొకటి జరుగుతుంది. వేరులో పోగైన ఏసీసీ అనే పదార్థం అక్కడ ఆక్సిజన్ లేక ఆకులకు చేరి ఇథిలీన్ అనే హార్మోన్ వాయువుగా మారుతుంది, ఆకుల కాడలు కిందికి వంగిపోతాయి. ఆ స్థితిలో, అదీ నల్లరేగడిలో, ఇంకో తడి పెట్టడమంటే నారును చేతులారా చంపడమే! శక్తి లేని వేరు యూరియాను అందుకోలేదు. రైతు పెట్టిన డబ్బు నీటితో కొట్టుకుపోతుంది, లేదా గాలిలో కలుస్తుంది.

మర్నాటి పచ్చదనాన్నీ నమ్మకండి. నీరు తీశాక ఆక్సిజన్ ఒక్కసారిగా చేరినప్పుడు సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ అనే హానికర ఆక్సిజన్ రూపాలు పుట్టి కణపొరలను దెబ్బతీస్తాయి. వాటిని అణచాల్సిన కాటలేజ్ వంటి ఎంజైములు చాలకపోతే నారు ఆ తర్వాతి రోజుల్లో వడలిపోతుంది. తడి మడిలో నారుకుళ్లు తెగులు కూడా కాచుకుని ఉంటుంది.

వంగ విషయంలో మాత్రం సందేశంలో నిజముంది. దాని వేరు టమాటా వేరు కంటే ముంపును బాగా తట్టుకుంటుంది. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం వంగ మొక్క మీద టమాటాను అంటుకట్టమని చెప్పడానికి అదొక కారణం. అయినా వంగ నారును నీటిలో వదిలేయకూడదు.

ముందు మడి చుట్టూ కాలువ తీసి నీరు పంపండి. తర్వాత లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మొదళ్లు తడపండి. కొత్త వేళ్లు వచ్చేదాకా యూరియా బస్తా విప్పకండి.