సంతకానికి ముందు ఒక బల్ల

మొన్న కువైట్‌లో మన ఉగాది సభ. పంచాంగ శ్రవణం ముగుస్తుండగా రాజంపేట వైపు మనిషి ఒకడు, క్లీనింగ్ కంపెనీలో పనివాడు, వేదిక దగ్గరకు వచ్చాడు. "సార్, ఇందులో ఏముందో ఎవరైనా చదివి చెబుతారా?" అని కాగితం చూపించాడు. "ఇది సందర్భం కాదండీ" అన్నారు మైకు పట్టుకున్నాయన. ముందు వరుసల్లో కొందరు నవ్వారు. మైకు మాట కన్నా ఆ నవ్వే నన్ను ఎక్కువ కుట్టింది.

పులిహోర గిన్నెల పక్కన కూర్చుని ఆ కాగితం చదివాను. మా ఆఫీసు తరఫున సర్కారు కాగితాల పనులు చూసే మందూబ్‌ల పుణ్యమా అని నాకు కాస్త అరబీ వచ్చు. పైన 'అక్ద్ అమల్' అని ఉంది, అంటే పని ఒప్పందం. అక్ద్‌కు మూలం ముడి వేయడం. తాడు ముడి ఉక్దా, మెడలో హారం ఇక్ద్, మనసు కట్టుబడిన విశ్వాసం అకీదా, చిక్కుపడిన వ్యవహారం ముఅక్కద్. ఖురాన్‌లో పెళ్లి కూడా ముడే, 'ఉక్దతున్నికాహ్'. 'తాహా' అధ్యాయంలో మూసా ప్రవక్త తన నాలుక ముడి విప్పమని దేవుణ్ణి వేడుకుంటాడు. మూడు ముళ్ల జాతికి ఇదంతా వింతేమీ కాదు.

అతని ముడి మాత్రం జీతం దగ్గర బిగిసింది. ఏజెంటు చెప్పింది 100 దినార్లు, అరబీ వరుసలో ఉన్నది 75. పక్కన ఇంగ్లిషు వరుసలో ఆ గడి ఖాళీ. ఇక్కడి 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం 29వ అధికరణం ప్రకారం ఒప్పందం అరబీలో ఉండాలి. అనువాదం జత చేయవచ్చు గానీ, తగాదా వస్తే అరబీ పాఠమే చెల్లుతుంది.

మనవాళ్ల తీరు తెలిసిందే. వీసా కాగితానికి పసుపు రాసి దేవుడి పటం ముందు పెడతాం, అందులో ఏముందో మాత్రం అడగం. ఆ భక్తిని వెక్కిరించలేను, అప్పు చేసి తెచ్చుకున్న కాగితం కదా.

కార్యవర్గాన్నీ తప్పుపట్టలేం. హాలు గడువు ముంచుకొస్తోంది, పిల్లలు గజ్జెలు కట్టుకుని తెర వెనక నిలబడ్డారు. అయినా దీపావళి సభకు రిజిస్ట్రేషన్ బల్ల పక్కన ఇంకొక బల్ల వేయలేమా? అరబీ చదవగలిగినవారు ఇద్దరు ముగ్గురు దొరికితే చాలు. శుక్రవారాలు నేను కూర్చుంటాను. మీ గదుల్లోని డ్రైవర్లకు, వంటవాళ్లకు చెప్పండి. ఊళ్లో వీసా కోసం ఎదురుచూస్తున్న తమ్ముళ్లను సంతకం పెట్టకముందే ఆ కాగితాలు ఫోనులో ఫొటో తీసి పంపమనండి.